రిలీజ్ పేరు చూస్తే డెస్క్‌టాప్ ఎంత మారిందో తెలుస్తుందా? మీ అనుభవాలు చెప్పండి

ల్యాబ్‌మాష్టారు

మాది డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్. ఈ వేసవి సెలవుల్లో సిస్టమ్స్ అన్నీ కొత్త వెర్షన్‌కి మార్చాలి. ఏది వెయ్యాలో తేల్చుకునే ముందు మీ అందరినీ ఒక మాట అడగాలనిపించింది.

కొత్త రిలీజ్ వస్తోందంటే ముందు మన చెవిన పడేది దాని పేరే. ఉబుంటూ (లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) అయితే ఒక జంతువు, మ్యాక్ అయితే కాలిఫోర్నియాలో ఏదో ఒక చోటు, విండోస్ అయితే ఒక అంకె. నాకు కావాల్సిన సంగతి మాత్రం వీటిలో ఏదీ చెప్పదు. లోపల కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) ఏది పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. సోమవారం పొద్దున్నే పిల్లలు వచ్చి కూర్చుంటే మెనూ ఎక్కడుంటుంది? విండో మూసే బటన్ కుడి పక్కనా, ఎడమ పక్కనా? నేను రాసిచ్చిన మాన్యువల్‌లోని స్టెప్స్ ఇంకా పనికొస్తాయా? ఇంతకుముందు ఒకసారి డెస్క్‌టాప్ మొత్తం మారినప్పుడు, ప్రోగ్రామ్ రాయడం వచ్చిన పిల్లలు కూడా టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) ఎక్కడ తెరవాలో తెలియక ప్రాక్టికల్ పరీక్షలో టైమ్ పోగొట్టుకున్నారు. ఆ టెన్షన్ మళ్ళీ వద్దు.

పేరు ఎంత అందంగా ఉన్నా సరే, "ఈసారి తెర మీద మీ చేతి అలవాట్లు మారతాయి" అన్న సంగతి ముందే తెలిసేలా ఉండాలన్నది నా అభిప్రాయం. మీరేమంటారు? ఎవరికి ఏ మార్పు ఎలా తగిలిందో చెప్పండి.

పాతపెంగ్విన్

మాష్టారూ, ఉబుంటూ అంకె విషయంలో మాత్రం తప్పుపట్టడానికి లేదు. ఏడాది, నెల, అంతే. 2004 అక్టోబర్‌లో మొదటిది వచ్చింది కాబట్టి 4.10. 2006లో ఏప్రిల్‌కి రావాల్సింది రెండు నెలలు ఆలస్యమైతే దాన్ని 6.06 అన్నారు. జంతువుల పేర్లు కూడా నాకు ఇష్టమే. మొదటి మూడూ, అంటే వార్టీ వార్ట్‌హాగ్, హోరీ హెడ్జ్‌హాగ్, బ్రీజీ బ్యాడ్జర్, ఒక వరసలో లేవు. డాపర్ డ్రేక్ నుంచి ఇంగ్లీషు అక్షరాల వరస పట్టుకున్నారు. అందుకే సీ అక్షరం పేరు రావడానికి 18.10 కాస్మిక్ కటిల్‌ఫిష్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ వరస వల్ల ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇట్టే తెలిసిపోతుంది. "నేను లూసిడ్ మీద ఉన్నాను" అంటే చాలు, అవతలివాళ్ళకి నా స్క్రీన్ మొత్తం కళ్ళకు కట్టేది.

కానీ మీరడిగినదానికి ఆ పేర్లలో జవాబు లేదు. 10.04 లూసిడ్ లింక్స్‌లో మూసే బటన్, చిన్నది చేసే బటన్ ఒక్కసారిగా ఎడమ పక్కకి వెళ్ళిపోయాయి. పెద్ద రగడే జరిగింది. డిజైన్ నిర్ణయాలు ఓట్లు వేసి తీసుకునేవి కావని ఉబుంటూ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ తేల్చి చెప్పారు. 11.04 నాటీ నార్వాల్‌లో గ్నోమ్ 2 అనే డెస్క్‌టాప్ తెర పోయి యూనిటీ అనే కొత్త తెర వచ్చింది. ఎడమ అంచున నిలువుగా లాంచర్, విండోల మెనూలన్నీ పైనున్న పట్టీలోకి. లాంచర్‌ని కిందికి దించుకుందామంటే కుదరదు. దించుకునే వీలు అధికారికంగా 2016లో 16.04తో గానీ రాలేదు. అయిదేళ్ళు!

అన్నిటికంటే ఎక్కువ మందికి దెబ్బ తగిలింది ఎల్‌టీఎస్ అన్న గుర్తు దగ్గర. ఎక్కువ కాలం సపోర్టు ఉంటుంది అనగానే, ఎక్కువ కాలం ఏదీ మారదు అని చాలామంది అర్థం చేసుకున్నారు. ఆ గుర్తు ఇచ్చిన మాట సెక్యూరిటీ అప్‌డేట్ల గురించే. 10.04 ఎల్‌టీఎస్ నుంచి 12.04 ఎల్‌టీఎస్‌కి వచ్చినవాళ్ళు రెండిటికీ అదే గుర్తు చూసి ధైర్యంగా అప్‌గ్రేడ్ నొక్కారు. తీరా చూస్తే తెర మీద మిగిలింది వాల్‌పేపర్ రంగే.

2017 ఏప్రిల్‌లో యూనిటీని వదిలేస్తున్నామని ప్రకటించారు. 17.10 ఆర్ట్‌ఫుల్ ఆర్డ్‌వార్క్‌తో మళ్ళీ గ్నోమ్, బటన్లు మళ్ళీ కుడి పక్కకి. అప్పటికి ఆరేళ్ళుగా యూనిటీకి అలవాటు పడ్డవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధ గురించి ఎవరూ రాయలేదు.

తెరవెనుక_డిజైనర్

నేను హైదరాబాద్‌లో ఇంటర్‌ఫేస్ డిజైన్ పనిలోనే ఉన్నాను, అటువైపు మాట కూడా వినండి. యూనిటీ ఊరికే పుట్టలేదు. 2010లో నెట్‌బుక్‌లు (చిన్న ల్యాప్‌టాప్‌లు) బాగా నడుస్తున్నాయి. వాటి తెర చాలావాటిలో 1024 బై 600. ఆ 600లో పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, విండోకి టైటిల్, దాని కింద మెనూ, దాని కింద టూల్‌బార్. ఇవన్నీ పోగా చదువుకోవడానికి మిగిలేది ఎంత? అందుకే పట్టీని పక్కకి జరిపి, మెనూని టైటిల్‌తో కలిపారు. యూనిటీ ముందుగా వచ్చింది కూడా 10.10 నెట్‌బుక్ ఎడిషన్‌లోనే. అక్కడ అది చాలా మంచి ఆలోచన. 24 అంగుళాల మానిటర్ ముందు కూర్చున్నవాళ్ళకి కూడా అదే ఇవ్వడం దగ్గర ఇబ్బంది మొదలైంది.

మార్పు లేకపోతే సాఫ్ట్‌వేర్ నిలవదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళకి పాత మెనూల వరస ఒక అడవి. అయితే మా పనిలో నాకు నిజంగా బాధ అనిపించేది ఒకటుంది. కొత్త తెరని పరీక్షించేటప్పుడు ఎక్కువగా కొత్తవాళ్ళని కూర్చోబెట్టి చూస్తారు. పదేళ్ళుగా వాడుతున్న మనిషిని కూర్చోబెట్టి, ఆయన చెయ్యి ఎక్కడికి పోయి ఆగిపోతోందో చూడడం అరుదు. ఆ ఆగిపోవడం ఏ లెక్కలోకీ రాదు.

కేడీఈ_ప్రియ

పేరు, అంకె, తెర మూడూ కలిసి దెబ్బ కొట్టిన కథ కావాలంటే కేడీఈ అనే డెస్క్‌టాప్ 4.0 వెర్షన్ చూడండి. 2008 జనవరిలో వచ్చింది. ఇది పునాది, రోజూ వాడేవాళ్ళు కొంచెం ఆగండి అని దాన్ని తయారుచేసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. కానీ బయటికి వెళ్ళిన అంకె 4.0. చివర సున్నా ఉంటే అది పూర్తయిన వస్తువని లోకం అనుకుంటుంది. ఫెడోరా 9 అనే లినక్స్ దాన్నే ఇచ్చింది. కేడీఈతో వచ్చే ఉబుంటూ, అంటే కుబుంటూ 8.04, రెండు రకాలుగా వచ్చింది, ఒకటి 3.5తో, ఇంకొకటి 4.0తో. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పరుచుకునే పాత పద్ధతి పోయింది, దాని బదులు ఫోల్డర్ వ్యూ అని ఒక చిన్న పెట్టె 4.1లో వచ్చింది. 3.5లో రోజూ వాడే సెట్టింగ్స్ చాలావాటికి ఇంకా చోటే లేదు. లైనస్ టోర్వాల్డ్స్ కూడా అప్పుడు గ్నోమ్‌కి మారిపోయారు. ఆ తర్వాత 2011లో గ్నోమ్ 3 నచ్చక ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి వెళ్ళారు, కొన్నాళ్ళకి మళ్ళీ గ్నోమ్‌కే వచ్చారు. కెర్నల్ రాసిన మనిషికే ఇన్ని వలసలు తప్పలేదంటే మామూలు వాడుకరిని ఏమనగలం?

దానికి "ప్రివ్యూ" అనో ఇంకేదో పేరు పెట్టి ఉంటే సగం గొడవ ఉండేది కాదని ఇప్పటికీ నమ్ముతాను. కోడ్ తప్పు కంటే పేరు తప్పు ఎక్కువ. వాళ్ళు ఆ పాఠం నేర్చుకున్నారు కూడా. 2024 ఫిబ్రవరిలో కేడీఈ కొత్త తెర ప్లాస్మా 6 వచ్చినప్పుడు లోపల క్యూటీ (బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ) మారింది, వేలాండ్ (తెర మీద విండోలు చూపే కొత్త పద్ధతి) ముందుకొచ్చింది, కానీ ప్యానెల్ కిందే ఉంది, మెనూ మూలనే ఉంది. ఫోల్డర్ తెరవడానికి డబుల్ క్లిక్ కావాల్సి రావడం నా చేతికి తెలిసిన మొదటి తేడా. అది కూడా సెట్టింగ్స్‌లో వెనక్కి పెట్టుకోవచ్చు.

బెజవాడ_డీటీపీ

అన్నా, మీరంతా లినక్స్ వాళ్ళు. మా వీధిలో సంగతి వేరు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూల్ మ్యాగజైన్లు చేసే షాపులు ఇంకా చాలా ఉన్నాయి. మాలో చాలామందికి పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), యూనికోడ్‌కి ముందు కాలం నాటి తెలుగు ఫాంట్లు, వాటితో పాటు వచ్చే కీబోర్డ్ లేఅవుట్. ఇరవై ఏళ్ళ పని ఆ ఫైళ్ళలోనే ఉంది. అందుకే పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి నెట్ తీసేసి పక్కన పెట్టుకునే షాపులు మీకు కనిపిస్తాయి. కొత్తది నేర్చుకోలేక కాదు. లేఖ రేపటికి అచ్చు కావాలి, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటాడు, అప్పుడు మెనూ వెతుక్కునే టైమ్ ఉండదు.

నేను వాడిన ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు చెప్పను. ఒకరోజు దానంతట అదే అప్‌డేట్ అయింది. పేరు అదే, ఐకాన్ అదే, లోపల మాత్రం ప్రింట్ బటన్ మూడు క్లిక్కుల లోపలికి పోయింది. ఫోన్ చేస్తే "కొత్త లుక్ సార్, బాగుంది కదా" అన్నారు. బాగుండడం కాదమ్మా, నాకు బిల్లు రావాలి. కనీసం పేరులో ఏదైనా మార్చి ఉంటే ఆరోజు అప్‌డేట్ ఆపుకునేవాణ్ణి.

సముద్రం_అవతల

మాష్టారి ప్రశ్న చదువుతుంటే మా నాన్నగారే గుర్తొచ్చారు. ఆయన గుంటూరులో, నేను డాలస్‌లో. ఆయన కంప్యూటర్‌కి నేనే ఫోన్ సపోర్టు. ఎదురుగా లేనప్పుడు మనిషికి దారి చెప్పేది తెర మూలలతోనే. "ఎడమ పక్క కింద మూల నొక్కండి నాన్నా" అని ఏళ్ళ తరబడి చెప్పిన మాట. ఒకసారి రిపేర్ షాపు కుర్రాడు ఆయన్ని అడక్కుండానే కొత్త వెర్షన్ వేసి ఇచ్చాడు. ఆరోజు రాత్రి "మూలలో ఏమీ లేదమ్మా" అని ఆయన అంటుంటే, తప్పు తనదేనేమో అన్న భయం ఆ గొంతులో వినిపించింది. డెబ్బై దాటిన మనిషికి ఆ భయం పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. విండోస్ 8లో, 2012లో, స్టార్ట్ బటన్ తీసేశారు, మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది, మెనూ మాత్రం 2015లో విండోస్ 10తో వచ్చింది. విండోస్ 11లో టాస్క్‌బార్ ఐకాన్లు మధ్యలోకి వెళ్ళాయి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్ లోకి వెళ్ళి అలైన్‌మెంట్ దగ్గర లెఫ్ట్ పెడితే మళ్ళీ మూలకి వస్తాయి. నాన్నగారికి నేను చేసిన మొదటి పని అదే. 2015లో విండోస్ 10 ఆఖరి వెర్షన్ అన్న మాట బాగా ప్రచారమైంది, ఇక ఈ నేర్చుకోవడాలు అయిపోయాయని నాన్నగారికి నేనే చెప్పాను. 2021లో 11 వచ్చింది, 2025 అక్టోబర్ 14తో 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది.

కీబోర్డే_కళ్ళు

నేను స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పనిచేస్తాను. బటన్ ఏ రంగులో ఉంది, ఏ పక్కన ఉంది అన్నది నాకు లెక్క కాదు. నాకు తెర అంటే ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కితే ఎక్కడికి చేరతాను అన్న వరస. ఆ వరస మారితే ఇల్లు మారినంత పని. చూపున్నవాళ్ళు ఒక నిమిషం వెతికి పట్టుకుంటారు, నేను మొత్తం తెరని మొదటి నుంచి చివరిదాకా వినాలి.

కానీ మంచిగా చేసిన మార్పు ఒకటి చెప్పాలి. ఆఫీస్ 2007లో మెనూలు పోయి రిబ్బన్ వచ్చింది. చూసేవాళ్ళు చాలా తిట్టుకున్నారు. అయితే ఎక్సెల్‌లో 2003 నాటి కీలు అలాగే ఉంచారు. ఆల్ట్ నొక్కి ఈ, ఎస్ నొక్కితే పేస్ట్ స్పెషల్ అప్పుడూ తెరుచుకుంది, ఇప్పుడూ తెరుచుకుంటుంది. మెనూ కంటికి కనబడకుండా పోయినా దానికి దారి మూసెయ్యలేదు. తెర ఎలాగైనా మార్చుకోండి, వేళ్ళు నేర్చుకున్న దారి మాత్రం తెరిచి ఉంచండి. నేను అడిగేది ఇదొక్కటే.

సర్వర్_గది

ఒక సాంకేతిక జాగ్రత్త. పేర్లు ఊరికే ప్రచారం కోసం కాదు, అవి సిస్టమ్ లోపల కూడా రాసి ఉంటాయి. డెబియన్ అనే లినక్స్‌లో ప్యాకేజీల సోర్సెస్ ఫైల్ (సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలో రాసి ఉండేది) తెరిస్తే బుక్‌వార్మ్, ట్రిక్సీ లాంటి పేర్లుంటాయి. టాయ్ స్టోరీ సినిమా బొమ్మల పేర్లు అవి. అక్కడ పేరుకి బదులు "స్టేబుల్" అని రాసి ఉంటే, కొత్త రిలీజ్ వచ్చిన రోజు నుంచి మీ అప్‌డేట్ మిమ్మల్ని అందులోకి లాక్కెళ్ళడం మొదలుపెడుతుంది. మాష్టారూ, ల్యాబ్‌లో ఏది వేసినా ఆ ఫైల్‌లో రిలీజ్ పేరే ఉందో లేదో చూడండి. మీరు మార్చినప్పుడే మారాలి.

ఉబుంటూ మీద తయారైన లినక్స్ మింట్ వేస్తే ఇంకో చిక్కు. మింట్ పేరు వేరు, దాని కింద ఉన్న ఉబుంటూ పేరు వేరు. బయటి రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ నిల్వ) కలిపేటప్పుడు చాలాసార్లు ఉబుంటూ పేరు కావాలి.

పాతపెంగ్విన్

కేడీఈ గారు చెప్పినదానికి ఎదురు కథ గ్నోమ్‌ది. 2011 ఏప్రిల్‌లో 3.0 వచ్చి అందరినీ కుదిపేసింది. టాస్క్‌బార్ లేదు, విండోని చిన్నది చేసే బటన్ కూడా తీసేశారు. ఆ గాయం వల్లే మాటే (MATE), సినమన్ అనే వేరే డెస్క్‌టాప్‌లు పుట్టాయి. ఆ అనుభవం అయ్యాక, 4.0 అంటే మళ్ళీ అంతటి మార్పు అని జనం హడలిపోతారని, అప్పుడే వచ్చిన జీటీకే 4 (గ్నోమ్ ప్రోగ్రామ్‌లు కట్టే లైబ్రరీ)తో కలగాపులగం అవుతుందని, 3.38 తర్వాత నేరుగా 40 అన్నారు. 2021 మార్చిలో. ఇక ముందు అంకె ఒక్కొక్కటే పెరుగుతుందని చెప్పారు. సరిగ్గా ఆ 40లోనే వర్క్‌స్పేస్‌లు (విండోలు విడివిడిగా పెట్టుకునే తెరలు) నిలువు వరస నుంచి అడ్డ వరసకి మారాయి, ఎడమనున్న డాష్ (యాప్ ఐకాన్ల పట్టీ) కిందికి వచ్చింది. ఆర్టీసీ వాళ్ళు బస్సు నంబర్ మాత్రం మామూలుగా ఉంచి రూటు మార్చినట్టు. ఎక్కినవాడికి దిగేదాకా తెలియదు.

పేర్ల మాటకొస్తే గ్నోమ్ వాళ్ళు తమ సమావేశాలు జరిగిన ఊళ్ళ పేర్లు పెడతారు. 2025 మార్చిలో వచ్చిన 48 పేరు బెంగళూరు. అది చూసి సంతోషించాను, కాదనను.

తెరవెనుక_డిజైనర్

అంకెని సరిగ్గా వాడినవాళ్ళూ ఉన్నారు. ఎక్స్ఎఫ్‌సీఈ 2003 నుంచి 4 దగ్గరే ఉంది. 4.12 వచ్చింది 2015లో, 4.14 వచ్చింది 2019లో. ప్యానెల్ అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే పెట్టుకోవచ్చు. ముందు అంకె కదల్లేదంటే తెర కూడా కదల్లేదని నమ్మవచ్చు. లిబ్రే ఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) వాళ్ళు 7.6 తర్వాత 24.2 అని ఏడాది, నెల పద్ధతికి వెళ్ళారు, కానీ మెనూలు, టూల్‌బార్లు ఎప్పటిలాగే. ట్యాబ్‌లు ఉండే కొత్త రకం కావాలన్నవాళ్ళు వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఎంచుకుంటారు, వద్దన్నవాళ్ళ జోలికి రారు. నన్నడిగితే కొత్త తెరని జనానికి ఇవ్వాల్సిన పద్ధతి ఇదే. అడిగినవాళ్ళకి ఇవ్వాలి, అడగనివాళ్ళకి ఉన్నది ఉంచాలి.

ల్యాబ్‌మాష్టారు

అందరికీ ధన్యవాదాలు. చాలా స్పష్టత వచ్చింది. ఉబుంటూ మాటే, లేదా మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, ఈ రెండిట్లో ఒకటి అనుకుంటున్నాను. పెంగ్విన్ గారూ, మాటేలో మాన్యువల్ ఎంతవరకు తిరగరాయాల్సి వస్తుంది? ఇంకొకటి, తెలుగు టైపింగ్ నేర్పే క్లాసు కూడా ఉంది. పిల్లలకి కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగులోకి మారుతుందని నేర్పాను. అది పనిచేస్తుందా?

పాతపెంగ్విన్

మాటే అంటే గ్నోమ్ 2 కొనసాగింపే, తెర మీకు కొత్తగా ఉండదు. ప్రోగ్రామ్‌ల పేర్లు మాత్రం మార్చి రాయాలి. గ్నోమ్ 3తో పాటు ఒకే సిస్టమ్‌లో ఉండాలంటే పేర్లు కలవకూడదు కదా, అందుకని ఫైల్ మేనేజర్ నాటిలస్ కాహా అయింది, టెక్స్ట్ ఎడిటర్ జీఎడిట్ ప్లూమా అయింది, పీడీఎఫ్ చూసే ఎవిన్స్ అట్రిల్ అయింది. మాటే ట్వీక్ అనే సెట్టింగ్స్ టూల్‌లో ప్యానెల్ లేఅవుట్లు కొన్ని సిద్ధంగా ఉంటాయి. ట్రెడిషనల్ ఎంచుకుంటే పాత గ్నోమ్ 2 లాగా, రెడ్‌మండ్ అంటే విండోస్ లాగా, మ్యూటినీ అంటే యూనిటీ లాగా. ఒక సిస్టమ్‌లో సరిచేసుకుని మిగతా వాటికి దాని ఇమేజ్ (డిస్క్ నకలు) వేసేయండి.

తెలుగు కీ సంగతి. 13.10 నుంచి ఉబుంటూలో అది సూపర్, స్పేస్‌కి మారింది. సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ. ఐబస్ (వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) ప్రిఫరెన్సెస్ తెరిస్తే మొదటి ట్యాబ్‌లోనే కీబోర్డ్ షార్ట్‌కట్ కనిపిస్తుంది, అక్కడ కంట్రోల్, స్పేస్ పెట్టుకోవచ్చు. కానీ నేనైతే పెట్టను మాష్టారూ. స్ప్రెడ్‌షీట్‌లో కంట్రోల్, స్పేస్ అంటే మొత్తం కాలమ్ సెలెక్ట్ అవడం, లిబ్రే ఆఫీస్‌లో అయినా, ఎక్సెల్‌లో అయినా. రెండూ ఒకే కీ మీద ఉంటే మీ పిల్లలకి ఆ క్లాసులో కాలమ్ సెలెక్ట్ చేయడం కుదరదు. అలవాటు మార్చడం తప్పదనుకుంటే కొత్త బ్యాచ్‌కి మొదటి రోజే సూపర్, స్పేస్ నేర్పండి. పాత బ్యాచ్ వాళ్ళు కూర్చునే సిస్టమ్స్‌లో మాత్రం వాళ్ళ కోర్సు అయ్యేదాకా పాత కీనే ఉంచండి. సిస్టమ్‌కి ఒక యూజర్ అకౌంట్ చొప్పున ఉంటుంది కాబట్టి, ఒక్కోదానికి ఒక్కోలా పెట్టడం కష్టమేమీ కాదు.